పద్దెనిమిది అంగుళాల గోడ

సైటు నుంచి,
జూన్ 6

వదినకి,

నువ్వు బాగున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఎవరడిగినా అన్నయ్య జవాబు అదే కాబట్టి నేను నమ్మలేదు, నిన్నే అడుగుతున్నాను. ఎలా ఉన్నావు? ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు రెండు ముక్కలు మాట్లాడి అన్నయ్యకి ఇచ్చేస్తావు, అన్నయ్యేమో మీ ఊళ్ళో వాన పడిందో లేదో చెప్తాడు. ఉత్తరమైతే నువ్వే చదవాలి, నువ్వే రాయాలి. పైగా ఇప్పుడు నేను అడగబోయేది కాగితం మీద ఉండాల్సిన వ్యవహారం.

నాకో పని దొరికింది. ఇక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. నడుములు, మోకాళ్ళు, పక్షవాతాలు కసరత్తులతో బాగుచేస్తుంది. ఆవిడ క్లినిక్కు ఒక పాత బిల్డింగులో మొదటి అంతస్తు. కింద ముప్ఫయ్యేళ్ళు ప్రింటింగ్ ప్రెస్ నడిచి మూతపడింది. ఇప్పుడా కింది హాలు కూడా ఈవిడే తీసుకుంది. అందులో గోరువెచ్చటి నీళ్ళ స్విమ్మింగ్ పూల్ ఒకటి కావాలంటుంది, పక్కనే చిన్న స్పా, అంటే స్టీమ్ రూము, వేడినీళ్ళ తొట్టి, షవర్లు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు, కర్రతో నడిచేవాళ్ళు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు, అందరూ వాడుకునేలా ఉండాలి.

నేను ఇళ్ళు కట్టాను, ఒక బడి కట్టాను, బ్యాంకు ఒకటి కట్టాను. నీళ్ళతో ఎప్పుడూ పెట్టుకోలేదు. నిబంధనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అందులో కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ ఒకటుంది. ప్రతి పేజీలోనూ అదే బొమ్మ, అదే కొలత, మెడ తిన్నగా, చేతులు తొడల మీద. అలాంటి మనిషిని నేనింతవరకూ చూడలేదు. నాకు తెలిసిన మనిషివి నువ్వు. పంతొమ్మిదేళ్ళు బడిలో ఈత నేర్పావు, ఏడేళ్ళుగా కుర్చీలో ఉన్నావు. నీళ్ళ సంగతీ కుర్చీ సంగతీ రెండూ తెలిసినవాళ్ళు నా ఎరుకలో ఇంకెవరూ లేరు. నీ కుర్చీ కొలతలన్నీ రాసి పంపు. నేనేం తప్పు చేయబోతున్నానో ముందే తిట్టు.

ఇంకో మాట, దాచుకుంటే నాకు అరగదు. యాక్సిడెంట్ తర్వాత నువ్వు ఈత కొట్టలేదని నాకు తెలుసు. ఈ పూల్‌లో అందరికంటే ముందు నువ్వు దిగాలని నా కోరిక.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి, వీధి కిటికీ పక్క,
జూన్ 13

టేపమ్మకి,

నా పెళ్ళిలో పీటల మీదున్న నా జడకి టేపు పెట్టి కొలిచిన పిల్లకి నేను పెట్టిన పేరిది, చచ్చేదాకా మారదు.

ముందు కొలతలు. సీటు నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు. దాని మీద రెండంగుళాల మెత్త ఉంటుంది గానీ అది తడవకూడదు, నీళ్ళ దగ్గర తీసేస్తాను, కాబట్టి పద్దెనిమిదే రాసుకో. వెడల్పు ఇరవయ్యారు. ఇక్కడే నీ పుస్తకం తప్పులో కాలేస్తుంది. చక్రం తిప్పేవి నా చేతులు, ఆ చేతులకి వేళ్ళున్నాయి. ఇరవయ్యారు పట్టే తలుపులోంచి వెళ్తే నా వేళ్ళ కణుపులు గీరుకుపోతాయి. ముప్ఫయ్యారు పెట్టు. నీ బొమ్మమనిషికి వేళ్ళుండవేమో, నాకున్నాయి.

షవర్ల సంగతి. నాకు నడుం కింద వేడి తెలీదు. మూడేళ్ళ కిందట కాలు మీద వేడినీళ్ళు పడుతుంటే నేను పాట పాడుకుంటూ స్నానం చేశాను. బొబ్బలెక్కాక చూసుకున్నాను. నాలాంటి వాళ్ళు చాలామంది వస్తారు నీకు. కుళాయి ఎంత తిప్పినా ఒక హద్దు దాటి వేడి రాకుండా బిగించు. అద్దం కిందికి పెట్టు, మేం కూడా బొట్టు పెట్టుకుంటాం.

ఇక నీ కోరిక. యాక్సిడెంట్ అయిన రెండో ఏడు మీ అన్నయ్య ముచ్చటపడి నన్నొక హోటల్ పూల్‌కి తీసుకెళ్ళారు. నీకీ సంగతి చెప్పలేదు. కుర్చీతో దిగే దారి లేదు. పనివాళ్ళిద్దరు వచ్చి, ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టుకుని బస్తాని లేపినట్టు లేపారు. చుట్టూ బల్లల దగ్గర కాఫీలు తాగుతున్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాపం, మంచి మనసుతోనే కొట్టారు. నాకు మాత్రం ప్రాణం పోయినట్టయింది. నా పాదాలు నీళ్ళకి తగలకముందే వెనక్కి తీసుకుపొమ్మన్నాను. మీ అన్నయ్య ఇప్పటికీ నేను చలికి భయపడ్డాననుకుంటారు.

అందుకని నా షరతు ఇది. ఎవరి చెయ్యీ పడకుండా నా అంతట నేను దిగగలిగితే వస్తాను. లేకపోతే రాను. బతిమాలొద్దు.

ఒక సంగతి చెప్పాలి. ఏడేళ్ళుగా నన్ను ఎలా ఉన్నావని అడిగేవాళ్ళే గానీ ఏమంటావని అడిగినవాళ్ళు లేరు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. సంతోషంగా ఉంది.

నీ వదిన

*

సైటు నుంచి,
జూన్ 29

వదినకి,

నీ ఉత్తరంలో కొలతల పేజీ సైటు గోడకి అంటించాను. హోటల్ సంగతి మాత్రం నా పర్సులో పెట్టుకున్నాను, అది గోడ మీద ఉండాల్సింది కాదు. మా మేస్త్రి రోజూ వచ్చి కొలతల పేజీ చదువుతున్నాడు. వదినగారు ఇంజినీరా అని అడిగాడు. కాదు, ఈత టీచరన్నాను. అదే అనుకున్నానండి, ఆ మందలింపు బడిదే అన్నాడు.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు. నేల తెరిచి చూస్తే స్తంభాల పునాదులు నేను అనుకున్నదానికంటే చాలా వెడల్పుగా, పైపైనే ఉన్నాయి. స్ట్రక్చర్ ఇంజినీరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. రెండున్నర అడుగులు తవ్వుకోండి, ఆ తర్వాత ఒక్క అంగుళం తవ్వినా పైన కసరత్తులు చేసే పేషెంట్లంతా నేరుగా మీ పూల్‌లోకే వస్తారు, మెట్ల ఖర్చుండదు అన్నాడు. ఆయన జోకులేస్తే పని అయ్యేది కాదని అర్థం.

పెద్దవాళ్ళు నీళ్ళలో నడవాలంటే నాలుగడుగుల లోతు కావాలి. తవ్వగలిగేది రెండున్నర. మిగతా అడుగున్నర నేల మీదికి గోడలా లేవాలి. హాలు మధ్యలో చుట్టూ గోడ కట్టిన తొట్టి అన్నమాట. డాక్టరమ్మకి బొమ్మ గీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, ఇది పశువులు నీళ్ళు తాగే తొట్టిలా ఉందమ్మా, నా పేషెంట్లు గోడలెక్కి దూకుతారా అంది. ఆవిడ మనసులో ఉన్నది నేలకి సమంగా నీలంగా మెరిసే నీళ్ళు. అది కుదరకపోతే పూల్ ఆలోచన మానేసి స్పా ఒక్కటే చేద్దామంటుంది. మూడు వారాల్లో తేల్చాలి.

పూల్ లేకపోతే నిన్ను రమ్మనేది దేనికి? ఇంత ఆశపెట్టి ఇలా రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
జులై 5

వెర్రిమొహమా,

నువ్వు రాసింది నువ్వే ఇంకోసారి చదువుకో. గోడ ఎత్తెంత? అడుగున్నర. అడుగున్నరంటే ఎన్ని అంగుళాలు? టేపు మెళ్ళో వేసుకుని తిరిగే దానివి, అది నేను చెప్పాలా? నా సీటు ఎత్తెంతని రాశాను? ఇప్పుడు మీ సైటు గోడ దగ్గరికెళ్ళి నా కాగితం చూడు.

డాక్టరమ్మకి ఇష్టమైన నేలకి సమంగా ఉండే నీళ్ళలోకి నేనెలా దిగాలనుకున్నావు? కుర్చీలోంచి నేల మీదికి దొర్లి, పాక్కుంటూనా? నీళ్ళు నేలకి సమంగా ఉండడం నడిచేవాళ్ళకి అందం. నాకు కావలసింది నా సీటుకి సమంగా ఉండడం. కుర్చీ గోడ పక్కన ఆపుతాను, బ్రేకు వేస్తాను, పక్కకి జరిగి గోడ మీద కూర్చుంటాను, కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి అటువైపు వేసుకుంటాను, లోపలికి జారతాను. ఒక్క మనిషి సాయం అక్కర్లేదు. ఆ పునాదులు వేసిన మహానుభావుడెవరో గానీ చల్లగా ఉండాలి.

గోడ పైభాగం పదహారు అంగుళాల వెడల్పు ఉండాలి. పన్నెండు చాలదా అని అడక్కు, నేను పెళ్ళినాటి మనిషిని కాను. అంచులు గుండ్రంగా చెక్కించు. నున్నటి టైలు వెయ్యకు. పట్టుకోడానికి రెండు కడ్డీలు పెట్టు, మధ్యలో రెండడుగుల జాగా వదిలి. లోపలివైపు నీళ్ళలో ఒక అరుగు కట్టు, జారగానే దాని మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటాం.

డాక్టరమ్మకి నోటితో చెప్పకు, బొమ్మలు గియ్యకు. కుర్చీలో కూర్చోబెట్టు.

నీ వదిన

*

సైటు నుంచి,
జులై 24

వదినకి,

గెలిచాం.

నీ ఉత్తరం అందిన రోజే మేస్త్రి సిమెంటు లేకుండా ఉత్త ఇటుకలు పేర్చి గోడ కట్టాడు. పద్దెనిమిది ఎత్తు, పదహారు వెడల్పు, పైన నున్నటి చెక్క. మర్నాడు డాక్టరమ్మని కిందికి పిలిచి ఆవిడ క్లినిక్కు కుర్చీలోనే కూర్చోబెట్టాం. కాళ్ళు వాడకూడదని మాట తీసుకున్నాను. మొదటిసారి బ్రేకు వెయ్యడం మరిచిపోయింది. కుర్చీ వెనక్కి, ఆవిడ ముందుకి. మేస్త్రి పట్టుకోబోతే వద్దని కసిరింది. రెండోసారి గోడ మీదికి జరిగింది. చీర సర్దుకుని కాళ్ళు ఒక్కొక్కటీ చేతులతో ఎత్తి అటువైపు వేసుకుంది. అయిదు నిమిషాలు అలాగే కూర్చుంది.

తర్వాత అంది, పద్దెనిమిదేళ్ళుగా పేషెంట్లని ఎత్తి బల్ల మీద వేస్తున్నానమ్మా, ఎత్తడం బాగా వచ్చని గర్వపడేదాన్ని కూడా. లేచి చీర దులుపుకుని, మెట్లెక్కి పైకెళ్ళి డ్రాయింగు మీద సంతకం పెట్టేసింది.

ఒక్కటి మాత్రం అడిగింది. నీళ్ళలోకి దించే మోటారు కుర్చీ కూడా పెట్టాలట, చేతుల్లో బలం లేనివాళ్ళ కోసం. నువ్వు దాన్ని క్రేను అంటావని తెలుసు. కోపగించుకోకు.

ఈ పూల్ నీది వదినా. కాగితాల మీద నా పేరుంటుంది గానీ సంగతి నాకు తెలుసు, మేస్త్రికి తెలుసు, ఇప్పుడు డాక్టరమ్మకి కూడా చెప్పాను. నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు, కాబట్టి తీర్చుకోను. ఉండనీ.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
ఆగస్టు 11

టేపమ్మకి,

కోపమెందుకే? నా పంతం నాది. మెడ దాకా పట్టు తప్పినవాళ్ళకి ఆ మోటారే దారి, తప్పకుండా పెట్టు. ఒక్కటే దారి ఉంటే తప్పు గానీ రెండుంటే తప్పేముంది?

స్టీమ్ రూముకి గడప పెట్టొద్దని మేస్త్రికి చెప్పు. ఆవిరి నీళ్ళు బయటికి వస్తాయని గొడవ పెడతాడు. గుమ్మం పొడుగునా సన్నటి జాలీ కాలవ తవ్వి నీళ్ళు అందులోకి పంపమను. సాయానికి పిలిచే గంట తాడు నేల దాకా వేలాడాలి. పడినవాళ్ళు నేల మీద ఉంటారు, గోడ మీద ఉండరు. వేడినీళ్ళ తొట్టికి కూడా అదే పద్దెనిమిది అంగుళాలు.

ఇక్కడ మీ అన్నయ్య నాకో బల్ల చేసిపెట్టారు, సరిగ్గా మీ గోడ కొలతల్లో. రోజుకి ఇరవైసార్లు కుర్చీలోంచి బల్ల మీదికి, బల్ల మీది నుంచి కుర్చీలోకి. చేతులు మళ్ళీ చేతుల్లాగ అవుతున్నాయి. ఈయనగారు పక్కనే రెండు చేతులూ చాచి నిలబడతారు, పిట్ట గూట్లోంచి పడబోతున్నట్టు. అవతలికెళ్ళమంటే తలుపు వెనక నిలబడతారు. కింద సందులోంచి పాదాలు కనబడుతుంటాయి. ఏడేళ్ళలో ఆ మనిషి నన్ను ఒక్క గ్లాసు మంచినీళ్ళు కూడా అడగనివ్వలేదు, అంతకుముందే చేతిలో ఉంటుంది. అంత మంచి మనిషి మీద విసుక్కుంటే కళ్ళు పోతాయి. అయినా విసుగొస్తుంది. నీకు తప్ప ఈ మాట ఎవరికీ చెప్పుకోలేను.

భయంగా ఉందా అని అడిగావు ఫోన్లో. నీళ్ళంటే నాకు భయమేమిటి? పంతొమ్మిదేళ్ళు ఎండాకాలం చలికాలం అందులోనే ఉన్నాను.

నీ వదిన

*

సైటు నుంచి,
నవంబరు 3

వదినకి,

నీళ్ళు నింపాం. వేడి సరిగ్గా కుదిరింది, ముట్టుకుంటే చెయ్యి తీయబుద్ధి కాదు. షవర్లు, స్టీమ్ రూము, అద్దం, గంట తాడు అన్నీ నువ్వు చెప్పినట్టే. మోటారు కుర్చీ ఒక్కటే ఇంకా రాలేదు, నెలాఖరుకంటున్నారు. క్లినిక్కు వాళ్ళెవరూ ఇంకా దిగలేదు, నీ కోసం ఆపాను.

మూడు గంటల ప్రయాణమే కదా. పదిహేడో తారీకు రండి. ఆ రోజు క్లినిక్కుకి సెలవు. హాల్లో నేను తప్ప ఎవరూ ఉండరు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, నాది పూచీ.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి, నా గది,
నవంబరు 20

వదినకి,

మీరు వెళ్ళి రెండు రోజులైనా నేనింకా పదిహేడో తారీకులోనే ఉన్నాను. నీకు తెలిసిందే నీకు రాస్తున్నాను. కానీ నువ్వు లోపల ఉన్నావు, బయటి నుంచి ఎలా ఉందో నీకు తెలియాలి.

అన్నయ్యని పైన క్లినిక్కులో కూర్చోబెట్టాం కదా, డాక్టరమ్మ కాపలా కాసింది. మూడుసార్లు మెట్ల దాకా వచ్చాడట, మూడుసార్లూ కాఫీ ఇచ్చి వెనక్కి కూర్చోబెట్టిందట. నేను ఎదుటి గోడ దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. నువ్వు బ్రేకు వేశావు, మెత్త తీసి పక్కన పెట్టావు, గోడ మీదికి జరిగావు. కాళ్ళు అటు వేసుకుని కడ్డీ పట్టుకుని ఆగావు. నేను అంకెలు లెక్కపెట్టాను. అరవై దాటింది. తర్వాత చూస్తే గోడ మీద నువ్వు లేవు, నీళ్ళలో ఉన్నావు.

అటు గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చావు. కాళ్ళు వెనక తేలుతున్నాయి, భుజాలు మాత్రం నువ్వు ఈత నేర్పే రోజుల్లో చూసినట్టే ఉన్నాయి. వెల్లకిలా తేలి కళ్ళు మూసుకున్నప్పుడు నీ మొహం చూశాను. అంతే, ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు, ఎందుకు ఆపుకోవాలి? ఆరునెలలుగా గీసిన గీతలన్నీ దీనికేనా అనిపించింది. ఇక ఏ పనీ రాకపోయినా ఫరవాలేదు అనిపించింది.

ఒక గంట అనుకున్నాం, నువ్వు గంటా నలభై నిమిషాలు ఉన్నావు. అరుగు మీదికి వచ్చి కూర్చోవడం, మళ్ళీ నీళ్ళలోకి జారిపోవడం, ఇలా మూడుసార్లు. చిన్నపిల్లలు బయటికి రమ్మంటే రారే, అలాగ. మేస్త్రి గుమ్మం బయటి నుంచే, వదినగారికి నీళ్ళు వదలబుద్ధి కావట్లేదండీ అని నవ్వాడు. ఆఖరికి నువ్వు పిలిచావు, ఏమే, నీ భుజం ఒకసారి ఇటు అరువియ్యి అని. బట్టలతోనే దిగేశాను. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి పైకి లేచావు. అంతసేపు ఈతకొడితే అలిసిపోరా మరి.

వదినా, ఆ పూట చూసినందుకు నేను జన్మంతా సంతోషంగా ఉంటాను. వచ్చినందుకు దణ్ణం.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి, వీధి కిటికీ పక్క,
నవంబరు 27

టేపమ్మకి,

నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. మీ అన్నయ్య పరిగెత్తుకొచ్చి ఏమైందన్నారు. చెప్పలేదు. నీకు చెప్తాను, ఇది చెప్పకపోతే నీ పూల్‌కి అన్యాయం చేసినదాన్నవుతాను.

నేను నీళ్ళు వదలబుద్ధి కాక లోపల ఉండలేదే. బయటికి రాలేక ఉన్నాను.

మొదటి గంట నువ్వు రాసినట్టే ఉంది, దానికి ఒక్క అక్షరం కూడా కలపను. గోడ మీద ఆగాను చూడు, అది భయం. ఆగస్టులో నీకు అబద్ధం రాశాను. కాళ్ళు లేకుండా తేలతానో మునుగుతానో నాకే తెలీదు. దిగితే గానీ లోతు తెలియదంటారు. తేలాను. ఏడేళ్ళ తర్వాత నా ఒంటి బరువు నా మీద లేకుండా పోయింది. ఆ సుఖం ఎవరికి చెప్తే అర్థమవుతుంది?

తర్వాత ఇక చాలనుకుని అరుగు మీదికొచ్చి కూర్చున్నాను. గోడ పైకి చూస్తే పద్దెనిమిది అంగుళాలు. దిగేటప్పుడు జారాను, ఇప్పుడు ఎక్కాలి. వెనక్కి చేతులు పెట్టి లేచాను, సగం దాకా వచ్చి జారిపోయాను. నువ్వు చూస్తే బాధపడతావని ఆటలాగ నవ్వుతూ జారాను. మూడుసార్లూ అంతే. నువ్వేమో అక్కడ కూర్చుని నా ఆనందం చూసి ముక్కు చీదుకుంటున్నావు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు చూడు, నాకు ముందు నుయ్యి ఒక్కటే చాలింది.

ఆలోచించి చూస్తే తప్పు ఇద్దరిదీ. జూన్ నుంచి నవంబరు దాకా దిగడం గురించే రాసుకున్నాం. ఎక్కడం గురించి ఒక్క ముక్క ఎవరైనా రాశామా? నేను ఇంట్లో బల్ల మీద ఇరవైసార్లు చేశాను, కుర్చీ ఎత్తూ బల్ల ఎత్తూ ఒకటే, ఇంకెలా తెలుస్తుంది? మీ డాక్టరమ్మ లేచి చీర దులుపుకుని వచ్చేసింది. నీళ్ళలోకి దిగిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

నలభై నిమిషాలు ఆలోచించాను. మేస్త్రిని పిలవనా, మీ అన్నయ్యని పిలవనా, అలాగే ఉండి నెలాఖరుకి మోటారు వచ్చేదాకా ఆగనా? ఎవరి చెయ్యీ పడకూడదని అంత బడాయిగా రాశాను కదా, ఆ రాసిన కాగితం మీ గోడ మీద లేకపోయినా నా నెత్తి మీద ఉంది. ఆఖరికి నిన్ను అడిగాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నాకు ఏడేళ్ళుగా అడక్కుండానే అందరూ పెడుతున్నారు. నేను నోరు తెరవకముందే చేతులు వచ్చి పడతాయి నా మీద, దయగల చేతులే. నేను అడిగేదాకా ఆగిన మొదటి మనిషివి నువ్వు. అడిగాను, ఇచ్చావు, లేచాను. నాకు చిన్నతనంగా అనిపించలేదు. నేనే ఆశ్చర్యపోయాను. ఆ నలభై నిమిషాలు కూర్చుని నన్ను నా తిప్పలు పడనిచ్చావు. దిగినందుకంటే దానికి ఎక్కువ రుణపడ్డాను నీకు.

ఆ అరుగు సంగతి చూడు.

నీ వదిన

*

సైటు నుంచి,
డిసెంబరు 10

వదినకి,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి పరుగున వెళ్ళి అరుగు నుంచి గోడ పైదాకా టేపు పెట్టి చూశాను. మర్నాడు పొద్దున్నే నీళ్ళన్నీ తీసేయించాను. ఎందుకని డాక్టరమ్మ అడిగితే ఉత్తరం ఇచ్చాను. చదివి, నేను లేచి వచ్చేశాను కదమ్మా అంది. రెండుసార్లు అంది.

అరుగుకీ గోడకీ మధ్య రెండు మెట్లు కట్టాం, కాళ్ళతో ఎక్కేవి కాదు, కూర్చుని ఎక్కేవి. ఆరేసి అంగుళాల ఎత్తు, పదహారు వెడల్పు, ప్రతి మెట్టుకీ పక్కన చెయ్యి ఆనించే కడ్డీ. ఈసారి నీళ్ళు నింపాక ముందు నేనే దిగాను. మోకాళ్ళు చున్నీతో కట్టేసుకుని, కాళ్ళ సాయం లేకుండా, కూర్చున్న చోటి నుంచి కూర్చునే పైకి వచ్చాను. భుజాలు రెండు రోజులు నొప్పి పెట్టాయి. ఈ పని జులైలో చేసి ఉండాల్సింది.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు, రిటైరైన రైలు డ్రైవరు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలం తగ్గింది. వాళ్ళావిడ గుమ్మంలో కంగారుగా నిలబడింది. ఆయన అరగంట ఉండి, ఒక్కో మెట్టు మీదికీ జరుగుతూ గోడ మీదికి వచ్చి కూర్చుని, తువ్వాలేదీ అని అడిగాడు. ఆవిడ తువ్వాలు తేవడం మరిచిపోయింది, ఆయన బయటికి వస్తాడనుకోలేదేమో. నా తువ్వాలిచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసిన ఆ పొగడ్త నేను ఉంచుకోలేను. నువ్వు అడిగేదాకా నేను ఆగలేదు వదినా. నువ్వు తిప్పలు పడుతున్నావని తెలిస్తే నేను మొదటి నిమిషంలోనే దూకేదాన్ని, అన్నయ్య చెల్లెల్నే కదా. నేను చున్నీతో ముక్కు తుడుచుకుంటూ ఏడుస్తున్నాను. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. కనబడిందంతా తప్పుగా అర్థం చేసుకున్నాను. నువ్వు నాకు రుణపడింది ఏదైనా ఉంటే అది నా తెలివితక్కువతనానికి. నిజం చెప్పకుండా నీ దగ్గర ఆ మంచిపేరు ఉంచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
డిసెంబరు 16

టేపమ్మకి,

కూర్చునే ఎక్కే మెట్లు బాగున్నాయి. రైలు డ్రైవరుగారి సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను, తర్వాత నా ఉత్తరాల్లో నీకు రాసింది కూడా చెప్పాను, హోటల్ దగ్గర్నుంచి మొత్తం. అంతా విన్నారు. చప్పట్లు నేను కూడా కొట్టాను అన్నారు. అది నాకిన్నాళ్ళూ తెలీదు. ఆ మాట చెప్పినందుకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. ఇప్పుడు ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం, నేను పిలిస్తే వస్తారు. నిన్న మొదటి రోజు. మూడుసార్లు పిలిచాను, ఒకసారైతే ఉత్తినే పిలిచాను.

ఇక నీ ఒప్పుకోలు. నువ్వు చూడట్లేదని నాకు తెలుసే. నీ ముక్కు చీదుడు ఆ హాల్లో ఎంత గట్టిగా మోగిందో నీకు తెలీదు. నువ్వు నా వైపు బెంగగా చూస్తూ కూర్చుని ఉంటే నేను ఆ నీళ్ళలోనే రాత్రిదాకా ఉండేదాన్ని గానీ నోరు తెరిచేదాన్ని కాదు. నన్ను చూసి జాలిపడని మనిషి ఒకరు అక్కడ కూర్చుని, నాకు అంతా బాగుందనుకుని సంతోషంతో ఏడుస్తున్నారు. అలాంటి మనిషినే కదా సాయం అడగబుద్ధయ్యేది.

నీ వదిన